నాయన పికప్పు

చింతామణి,
11 ఫిబ్రవరి 2024

అక్కకు,

రవీంద్ర నమస్కారం. నీ చెవి మిషను మళ్ళీ ఈల వేస్తోందని బావ చెప్పాడు. ఫోనులో నేను అరవడం, నువ్వు "ఆఁ?" అనడం మన ఇద్దరికీ అలవాటే కాబట్టి ఈసారి కాగితం తీశాను. స్కూల్లో పిల్లలకు డ్రాయింగు నేర్పి నేర్పి నా అక్షరాలు కూడా బొమ్మలైపోయాయి. ఓపిగ్గా చదువుకో.

నా పాత బండ్ల పిచ్చి నీకు తెలుసు కదా. పోయినేడు ఆ స్కూటరును బాగు చేసినప్పటి నుంచి ఆశా దాన్ని నా రెండో సంసారం అంటోంది. మొన్న ఆదివారం సామాన్లు వెతుక్కుంటూ బాగేపల్లిలో ఒక గుజిరీ అంగడికి పోయాను. వెనక, తుక్కు రేకుల కింద ఒక పికప్పు కనిపించింది. ముందు జీపు ముఖం, వెనక చెక్క తొట్టి. తొట్టి పలక మీది దుమ్ము చేత్తో తుడిచాను. కాల్చిన కడ్డీతో రాసిన అక్షరాలు తేలాయి. గూ.వెం. గూళూరు వెంకటేశప్ప.

అక్కా, అది నాయన బండి! నూనె ఆడే మన గిరణి బండి. నేను అక్కడే మట్టిలో కూలబడిపోయాను. అంగడివాడు నాకు ఎండ దెబ్బ తగిలిందనుకొని నీళ్ళు తెచ్చాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డులోకి తెచ్చి పెట్టాను. మెకానిక్ మంజునాథ ప్రతి ఆదివారం వస్తానన్నాడు. శ్రావణంలో నాయన తిథి, ఈసారికి నలభై ఏళ్ళు నిండుతాయి. ఆ రోజు ఈ బండిని నేనే నడుపుకుంటూ గూళూరు వస్తాను. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతాను.

ఒక్క సంగతి మాత్రం మనసులో ముల్లులా ఉంది. సీట్లో కూర్చుని చూస్తే మిగతా పెడళ్ళు పైనే ఉన్నాయి. బ్రేకు పెడలు నేలకు అంటుకుపోయి ఉంది. ఇంకా ఎవరో తొక్కి పట్టుకున్నట్టే ఉంది. చూసి కాలు తీసేశాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. గిరణి వాసన తప్ప ఏదీ సరిగ్గా గుర్తు లేదు. బండి అసలు రంగు ఏమిటి? నీకు తెలిసిందంతా రాయి.

తమ్ముడు
రవీంద్ర


గూళూరు,
20 ఫిబ్రవరి

చిరంజీవి రవికి,

అక్క ఆశీస్సులు. ఉత్తరం చేరింది. ఆశా పెట్టిన పేరు బాగుంది, మొదటి సంసారాన్ని కూడా కొంచెం చూసుకో.

ఆ బండిలోనే నాయన పోయాడు. దానికి రంగు పూసి, పూలదండ వేసి నా వాకిట్లోకి తెస్తానంటున్నావు. నాకు వద్దు. అమ్మినవాడికే తిరిగి ఇచ్చేయ్. తీసుకోకపోతే ఊరికే ఇచ్చి రా. నీకు పాత బండే కావాలంటే దేశంలో వేరే బండి దొరకదా?

రంగు నీలం. అంతకు మించి నాకేమీ గుర్తు లేదు.

మీ బావ బోరు మోటారు కాలిపోయి ఆ హడావిడిలో ఉన్నాడు. అనపకాయలు పంపుతున్నాను, ముదరకముందే వండుకోండి.

అక్క
యశోద


చింతామణి,
24 మార్చి

అక్కకు,

కోప్పడకుండా చదువు. ఇంజను తిరిగింది!

నెల రోజులు విప్పడం, కడగడం, కిరసనాయిలులో నానబెట్టడం. ఇవాళ పొద్దున మంజునాథ హ్యాండిల్ వేసి తిప్పితే రెండు సార్లు దగ్గి, నల్లగా పొగ కక్కి, ఆడింది. వీధి వీధంతా వచ్చి చూసింది. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు. అప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టినట్టు లేదు, తుప్పు గీకితే కింద నువ్వు చెప్పిన నీలం. నీకు అంతకు మించి గుర్తు లేదంటే మాత్రం నేను నమ్మను. అప్పటికి నీకు పదిహేడేళ్ళు.

డ్రైవరు సీటు కింద ఒక కొయ్య దువ్వెన దొరికింది. పాపన్నది అయ్యుంటుంది. చేతికి తగలగానే ఒళ్ళు మండి పారేశాను. తాగి బండి తోలి, చేళూరు దారి దిగుడులో మోరీ గోడకు కొట్టి, మన నాయనను చంపి, వాడు మాత్రం ఏడాదిన్నర జైలుతో సరిపెట్టుకున్నాడు. నాయన అంత మంచి మనిషి, ఒక తాగుబోతుకు స్టీరింగు ఎలా ఇచ్చాడా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

వచ్చే నెల బ్రేకుల పని.

రవీంద్ర


గూళూరు,
30 మార్చి

రవికి,

ఆశీస్సులు. నువ్వు వినవని తెలుసు. ఒక్క మాటైనా విను. బ్రేకు సామాను విప్పి చూస్తూ కూర్చోవద్దు. పాతది పాతదిగానే పీకి పారేసి మొత్తం కొత్తది వేయించు. ప్రాణం సంగతి అది.

ఆ దువ్వెన పారేయకుండా ఉండాల్సింది.

యశోద


చింతామణి,
14 ఏప్రిల్

అక్కా,

ముందు ఇది చెప్పు. బ్రేకు విప్పొద్దని ఎందుకు రాశావు?

నీ ఉత్తరం చదివినప్పుడు జాగ్రత్త కోసం చెప్పావనుకున్నాను. ఇవాళ విప్పాము. ఈ బండికి డ్రైవరు కాళ్ళ దగ్గర ఒక చిన్న రేకు మూత ఉంది. అది ఎత్తితే కింద బ్రేకు ఆయిల్ పోసే గిన్నె. అందులో అడుగున బంకలాంటిది గట్టిపడి ఉంది. మంజునాథ స్క్రూడ్రైవరుతో గీకి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి నా వైపు చూశాడు.

"సార్, ఇది బ్రేకు ఆయిల్ కాదు. చెనక్కాయ నూనె. చూడండి, రబ్బర్లు ఎట్లా ఉబ్బి చితికిపోయినాయో. ఈ నూనె పడితే రెండు మూడు దినాలకు బ్రేకు ఉండదు. ఎవురో పోసినారు."

నేనూ వాసన చూశాను, వేరుశనగ నూనే. నలభై ఏళ్ళయినా ఆ ముక్క వాసన పోలేదు. మన గిరణి వాసన.

వెంటనే చిన్నాయన రామచంద్రప్ప దగ్గరికి పోయాను. సంగతి చెప్పేసరికి ఆయన కాఫీ లోటా కింద పెట్టేశాడు. "ఎందుకప్పా ఇప్పుడు? మీ అక్క కోర్టులో చెప్పింది గదా, వాడు తాగిండాడని. అంతే సంగతి" అన్నాడు. నువ్వు కోర్టులో సాక్ష్యం చెప్పావని నాకు ఇవాళే తెలిసింది. ఇంట్లో ఒక్కరు కూడా నాతో ఆ మాట అనలేదు.

నాకు ఒక్కటే తోస్తోంది. బండి దగ్గరికి పోయేది పాపన్న ఒక్కడే. గిరణిలో నూనె చేతికి అందేది వాడికే. ఏదో పగ పెట్టుకొని గిన్నెలో నూనె పోసి, ధైర్యం చాలక తాగి ఉంటాడు. ఇది తాగి చేసిన తప్పు కాదక్కా, హత్య. నీకు అనుమానం ఉండే బ్రేకు విప్పొద్దన్నావు. ఉంటే అప్పుడే ఎందుకు చెప్పలేదు?

ఉబ్బిన రబ్బర్లు, ఆ గిన్నె మూటగట్టి దాచాను. నిద్ర పట్టడం లేదు. బదులు రాయి.

రవీంద్ర


గూళూరు,
22 ఏప్రిల్

రవీ,

పాపన్న పోయాడట. ఎప్పుడో, ఎక్కడో. ఎవరో అనుకుంటుంటే విన్నాను. పోయినవాళ్ళను తవ్వి తీస్తే మనకేం వస్తుంది? నాయన తిరిగి రాడు.

నీకు మంచి ఉద్యోగం ఉంది, ఆశా ఉంది. బండి అమ్మేసి సుఖంగా ఉండు. నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాననుకో.

యశోద


చింతామణి,
1 మే

అక్కా,

పాపన్న బతికే ఉన్నాడు.

నువ్వు చనిపోయాడని రాశావు కాబట్టే వెతికాను. నువ్వు అబద్ధం రాస్తావని నేను కలలో కూడా అనుకోలేదు. చిక్కబళ్ళాపురంలో పూల మార్కెట్టు వెనక సందులో ఉన్నాడు. జైలు నుంచి వచ్చాక లైసెన్సు లేక, ముప్పై ఏళ్ళు పూల మూటలు మోశాడట. ఇప్పుడు డెబ్బై ఆరు. వినుత అని మనవరాలు, ఆమె దగ్గర ఉంటాడు.

వచ్చే బుధవారం పోతున్నాను. గిన్నె తీసుకుని పోతాను. అతని వాళ్ళందరి ముందు అడుగుతాను. నువ్వు ఎవరిని కాపాడుతున్నావో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. మన నాయనను చంపినవాడు ఒప్పుకోవాలి, అంతే.

రవీంద్ర


గూళూరు,
6 మే

రవీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. మీ బావ చేత నీకు మూడు సార్లు ఫోను చేయించాను, పోవద్దని చెప్పమని. నువ్వు ఎత్తలేదు. అసలు సంగతి ఆయనతో చెప్పించలేను, ఆయనకూ తెలియదు. బాగేపల్లికి పోయి దీన్ని స్పీడు పోస్టులో వేస్తున్నాను. బుధవారం లోపల నీకు అందాలని దేవుడికి మొక్కుకుంటున్నాను.

కూర్చుని చదువు.

గిరణిలో షాఫ్టు బేరింగుల మీద చిన్న ఇత్తడి గిన్నెలు ఉండేవి. రోజూ వాటిలో చెనక్కాయ నూనె నింపాలి, లేకపోతే బేరింగులు కాలిపోతాయి. స్కూలుకు పోయే ముందు ఆ పని నీది. నాయనే నేర్పించాడు. నువ్వు ఒక్క గిన్నె కూడా మరిచేవాడివి కాదు, అంచు దాకా పోసి చొక్కా కొసతో తుడిచేవాడివి. అందరూ నిన్ను మెచ్చుకునేవారు.

ఆ వారం సోమవారం పాపన్న బండిలో రేకు మూత ఎత్తి పెట్టి ఏదో సామాను కోసం లోపలికి పోయాడు. నువ్వు నూనె చెంబుతో అటు వచ్చావు. సగం ఖాళీగా ఉన్న గిన్నె కనిపించింది. నింపావు, తుడిచావు, మూత కూడా పెట్టావు. నేను వాకిట్లో నిలబడి చూశాను. చూసి నవ్వుకున్నాను. అది ఏ గిన్నో నాకు మాత్రం ఏం తెలుసు?

గురువారం పొద్దున బండికి నూనె డబ్బాలు ఎక్కించారు. పాపన్న పెడలు తొక్కి చూసి, మూత ఎత్తి, వేలు ముంచి వాసన చూశాడు. "అప్పా, దీన్లో ఎవురో చెనక్కాయ నూనె పోసినారు. బండి తీసేది వద్దు" అన్నాడు. నాయన నా వైపు చూశాడు. నేను "రవి" అన్నాను. నాయన పకపకా నవ్వాడు. "మావోడు గిన్నె ఖాళీగా ఉంటే ఓర్వలేడప్పా. మెల్లగా పోదాం పా. చింతామణిలో కడిగిస్తే సరిపోతాది" అన్నాడు. పాపన్న రెండోసారి కూడా వద్దన్నాడు. నాయన "నువ్వు తీయకుంటే నేనే తీస్తా" అని స్టీరింగు ముందు కూర్చోబోయాడు. అప్పుడు పాపన్న ఎక్కాడు. నాయన వినే మనిషి కాదు, నీలాగే.

నాయనను మట్టి చేసి వచ్చాక చిన్నాయన నన్నూ అమ్మనూ గదిలోకి పిలిచాడు. "ఇది బయట పడితే పిల్లోడ్ని జనం అబ్బను మింగినోడు అంటారు. సచ్చేదాకా ఆ పేరు పోదు. వానికి పిల్లనెవురిస్తారు? పాపన్నకు తలకు దెబ్బ తగిలి ఆ దినం సంగతి ఒక్కటీ గ్యానం లేదంట. తాగిండె అని చెప్తే అయిపోతాది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అప్పుడు అమ్మ వంగి నా కాళ్ళు పట్టుకుంది. కన్నతల్లి కాళ్ళు పట్టుకుంటే ఏ ఆడపిల్ల నిలబడగలదు రవీ?

కోర్టులో నేను చెప్పాను. ఆ పొద్దు పాపన్న తాగి ఉన్నాడు, వాసన నాకే వచ్చింది అని. తల నిండా కట్టుతో ఆయన బోనులో నిలబడి ఉన్నాడు. నా మీద కోపం లేదు ఆ ముఖంలో. ఏదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నట్టు నన్నే చూస్తూ ఉండిపోయాడు.

ఆయన ఎన్నడూ తాగడం నేను చూడలేదు.

నీది తప్పు కాదు, తొమ్మిదేళ్ళ బిడ్డవు, నేర్పిన పని చేశావు. నాది తప్పే. ఆ ఇంటికి పోవద్దు రవీ. పోవద్దు.

అక్క


చింతామణి,
11 మే

అక్కా,

నీ ఉత్తరం నిన్న శుక్రవారం వచ్చింది. నేను బుధవారమే పోయి వచ్చాను. బావ ఫోను చూశాను. కావాలనే ఎత్తలేదు.

ఏం చేశానో నీకు చెప్పి తీరాలి. ఒక్క గది ఇల్లు. ఆయన గోడకు ఆనుకుని పూలు కడుతున్నాడు. నేను ఎవరో చెప్పగానే లేచి నిలబడబోయాడు, మోకాళ్ళు సహకరించలేదు. "వెంకటేశప్ప కొడుకా! ఎంత పెద్దోనివైనావప్పా" అని రెండు చేతులూ చాచాడు. నేను ఆ చేతుల్లో గిన్నె పెట్టాను. వాసన చూడమన్నాను. హంతకుడా అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, రాయలేను. సందులో వాళ్ళంతా గుమ్మం దగ్గర చేరారు.

ఆయన గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నేనే పోసింటానేమోనప్పా. నాకు గ్యానం లేదు. తాగినోడు ఏం చేసింటాడో ఎవురికి తెలుసు."

వినుత నర్సింగు చదువుతోంది. ఆ పిల్లకు ఇవేవీ తెలియవట. "తాతా, నువ్వు మనిషిని సంపినావా?" అంది. ఆయన తల వంచుకున్నాడు. ఆ పిల్ల చేతిలోని పూలు అక్కడే పెట్టేసి ఆయనకు దూరంగా జరిగి నిలబడింది. నేను చూస్తూనే ఉన్నాను. నాకు తృప్తిగా అనిపించింది అక్కా. బస్టాండులో దోసె తిన్నాను. రెండు తిన్నాను.

నిన్నటి నుంచి షెడ్డు తలుపు తీయలేదు. ఆ గిన్నె నింపింది గుర్తు తెచ్చుకోవాలని కూర్చున్నాను. ఎంత గింజుకున్నా ఒక్క చుక్క గుర్తు రావడం లేదు. నాయన నవ్వు కూడా గుర్తు రావడం లేదు. నువ్వు రాశావు కాబట్టి నవ్వాడని తెలుసు.

నేనే చంపానని ఆశాతో చెప్పాను. ఆమె నా నోరు మూసింది. నన్ను కాపాడడానికి ఎంతమంది ఎన్ని నోళ్ళు మూశారో!

ఆ గడప మళ్ళీ తొక్కాలి. కాళ్ళు రావడం లేదు. ఏం చేయను?

రవి


గూళూరు,
19 మే

రవీ,

నువ్వు మళ్ళీ పోకముందే నేను పోయి వచ్చాను. అయినా నువ్వు పో. నా మాట నీ మాటకు బదులు కాదు. రేపే పో.

మీ బావకు అంతా చెప్పాను. ఆయన లేచి బోరు దగ్గరికి పోయి మధ్యాహ్నానికి వచ్చాడు. తర్వాత చొక్కా తొడుక్కుని బస్సు ఎక్కించాడు, చిక్కబళ్ళాపురం దాకా పక్కనే కూర్చున్నాడు. సందు మొదట్లోనే నిలబడిపోయి "నువ్వు పో" అన్నాడు.

వినుత నన్ను లోపలికి రమ్మనలేదు. గడప దగ్గరే కూర్చున్నాను. పాపన్న నన్ను చూసి గుర్తు పట్టాడు. మిషను పెట్టుకున్నా సరిగ్గా వినపడదని చెబితే, పాపం, దగ్గరికి జరిగి గొంతు పెంచి మాట్లాడాడు. మా మాటలు సందంతా విని ఉంటుంది. వినాలనే నేను కూడా గట్టిగానే మాట్లాడాను.

నూనె పోసింది నువ్వని, ఆయన రెండు సార్లు బండి వద్దన్నాడని, నాయనే బలవంతం చేశాడని, కోర్టులో నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. కొడతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. ఆయన నమ్మలేదు రవీ.

"లేదమ్మా, నేను తాగింటి. నువ్వే చెప్తివి గదా" అన్నాడు.

అబద్ధం చెప్పానని మళ్ళీ అన్నాను.

"నాకు తాగే అలవాటు లేదమ్మా. ఆ పొద్దొక్కటే ఎందుకు తాగితినా అని నలభై ఏండ్లు తలకాయ కొట్టుకున్నా. తలకు దెబ్బ తగిలి మరిసిపోయింటానని అనుకుంటి. ఎత్తుకొని తిప్పిన బిడ్డవు. నువ్వు నా మీద అబద్ధం చెప్తావని ఎట్లనుకునేది?"

తాగలేదు, వాసన రాలేదు, నేను కల్పించి చెప్పాను అని మూడోసారి చెప్పాను. ఆయన వినుత వైపు తిరిగి "విన్యావా?" అన్నాడు. మళ్ళీ నా వైపు తిరిగి "ఇంగొక సారి చెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. ఆ పిల్ల వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. నా ముఖం మాత్రం చూడలేదు.

నేను లేచి దండం పెట్టబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మునివెంకటమ్మ, మా ఇంటిదమ్మా. పోయి ఆరేండ్లాయ. ఆమె ఒక్కతే అంటాండె, నువ్వు తాగలేదు, ఆ పొద్దు నేనే నీకు సంగటి పెట్టి పంపిస్తి, నాకు తెలీదా అని. అన్నప్పుడల్లా నేనే నోరు మూపించినా. వెంకటేశప్ప బిడ్డ అబద్ధం చెప్తాదా, నువ్వు నిజం చెప్తావా అని కొట్టింది గూడా ఉంది. సచ్చేముందు గూడా అదే మాట అన్నింది. నేను నమ్మలే. ఇప్పుడు ఆమెకు యాడికి పోయి చెప్పేదమ్మా?"

నేను గడప ఇవతలే నిలబడి ఉంటే, వినుత లేచి వచ్చి తలుపు వేసింది.

అక్క